స్టెర్లింగ్ కార్బైన్ పార్ట్స్ కిట్: కార్ట్‌లో పెట్టారు సరే, కొనాలా వద్దా?

ఇవాళ్టి ఎపిసోడ్ ముఖ్యంగా అమెరికాలో ఉంటున్న మనవాళ్ల కోసం. టెక్సాస్ నుంచి ఒక బ్రదర్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదైంది. వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నా. ఆన్‌లైన్‌లో స్టెర్లింగ్ కార్బైన్ పార్ట్స్ కిట్ చూశా, రేటు బాగా తక్కువ. కార్ట్‌లో పెట్టేశా. మా ఆవిడేమో వద్దంటోంది. కొననా, వద్దా?" అని.

అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఎందుకో తెలియకపోతే ఇది కాకపోతే ఇంకో కిట్ కొంటాం. అందుకే మొదటినుంచి చూద్దాం.

పిస్టల్ క్యాలిబర్ కార్బైన్ అంటే ఏంటి? పిస్టల్‌లో వాడే తూటానే వాడుతుంది, మనం భుజానికి ఆనించి కాలుస్తాం. ఎక్కువగా 9 ఎంఎం. రైఫిల్ తూటా కన్నా చవక, భుజానికి దెబ్బ తక్కువ, పిస్టల్ కన్నా గురి సులువు. అందుకే రేంజ్‌కి కొత్తగా వెళ్లేవాళ్లు దీన్ని ఇష్టపడతారు.

మరి స్టెర్లింగ్? పేరు తెలియకపోయినా చూసే ఉంటారు. చిన్నప్పుడు ఊళ్లోకి మంత్రిగారు వస్తే పక్కన గన్‌మెన్ ఉండేవాడు కదా. చిల్లుల గొట్టం, ఎడమ పక్కకి పొడుచుకొచ్చిన వంకర మ్యాగజైన్. మన పోలీసులు "కార్బైన్" అనేది దాన్నే. బ్రిటిష్ ఆర్మీ 1953లో తీసుకున్న గన్ ఇది. మన దేశంలో కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైంది. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో తెల్ల డ్రెస్సు సైనికుల చేతిలో ఉండే బ్లాస్టర్లు కూడా స్టెర్లింగ్ మీద చేసినవే. కాబట్టి దీని మీద మనసు పడటంలో తప్పేం లేదు.

ఇప్పుడు అసలు పాయింట్. కిట్ అంటే గన్ కాదు. పాత సైనిక గన్‌ని ముక్కలు చేసి, రిసీవర్ అనే ముఖ్యమైన భాగాన్ని కోసేసి, మిగతా సామాన్లు అమ్ముతారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా రిసీవరే "గన్". స్టెర్లింగ్‌లో అది ఆ పొడవాటి గొట్టం. పైగా 2005 నుంచి ఇలాంటి కిట్లతో పాటు బ్యారెల్ దిగుమతి చేసుకోవడానికి కూడా అనుమతి ఆపేశారు. అంటే చాలా కిట్లలో గొట్టమూ ఉండదు, బ్యారెలూ ఉండదు. మీరు కొంటున్నది ఇల్లు కాదు, కూల్చేసిన ఇంటి తలుపులూ కిటికీలూ. స్థలం మీదే, పునాది మీదే, ప్లాన్ అప్రూవల్ తలనొప్పి కూడా మీదే.

అందుకే "కొనండి" బటన్ నొక్కే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, మీ స్టేటస్ ఏంటి? మనవాళ్లలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అందులో ఒకటి చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అది లేకుండా రేంజ్‌లో అద్దెకి తీసుకుని పట్టుకున్నా ఇదే రూల్ కిందికి వస్తుంది. శిక్ష 15 ఏళ్ల వరకు ఉండొచ్చు, 2022 చట్టంతో పెంచారు. "మా సిటిజన్ ఫ్రెండ్ పేరు మీద కొనిపిస్తా" అంటారా? అది ఇంకో నేరం, అందులో ఫ్రెండ్ కూడా ఇరుక్కుంటాడు.

మరి ఉత్త కిట్ అయితే గన్ కాదు కదా అంటారు. అలా ధీమాగా ఉండకండి. సులువుగా గన్‌గా మారిపోయే కిట్లని గన్‌గానే లెక్కేయొచ్చన్న 2022 నాటి రూల్‌ని సుప్రీం కోర్టు 2025 మార్చిలో 7-2 తేడాతో నిలబెట్టింది. రిసీవర్ పూర్తిగా కోసేసిన పాత కిట్ వేరు, కాస్త పని చేస్తే గన్ అయిపోయే కిట్ వేరు. ఆ గీత ఎక్కడుందో మీ వీసాని పణంగా పెట్టి కనుక్కోవద్దు.

మన బ్రదర్‌కి గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి గన్ కొనుక్కోవచ్చు. కానీ ఒకటి గుర్తుంచుకో తమ్ముడూ. గన్‌కి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో దారి ఉంది. పక్కింటి అమెరికన్ చేసిన తప్పుకి జైలు, జరిమానాతో పోతుంది. అదే తప్పు మనం చేస్తే ఇల్లు, ఉద్యోగం, పిల్లల స్కూలు, అన్నీ పోతాయి.

రెండోది, మీది ఏ రాష్ట్రం? టెక్సాస్‌లో నడిచింది న్యూజెర్సీలో నడవదు. న్యూజెర్సీ నిషేధ జాబితాలో స్టెర్లింగ్ ఎంకే-6 అని పేరు పెట్టి మరీ రాశారు. కాలిఫోర్నియాలో కూడా రూల్స్ చాలా గట్టివి. ఎడిసన్‌లోనో, ఫ్రీమాంట్‌లోనో ఉండి డాలస్ వాళ్ల వీడియో చూసి ఆర్డర్ పెట్టకండి. ఉద్యోగం మారి రాష్ట్రం మారాల్సి వస్తే ఏంటన్నది కూడా ఇప్పుడే ఆలోచించుకోండి.

మూడోది, తయారయ్యాక అది చట్టంలో ఏమవుతుంది? అసలు స్టెర్లింగ్ ఆటోమేటిక్. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్ మామూలు పౌరుడి దగ్గర ఉండకూడదు. ఇంకో సంగతి, చట్టంలో మెషిన్ గన్ అంటే తయారైపోయిన గన్ మాత్రమే కాదు. కలిపితే మెషిన్ గన్ అయ్యే విడిభాగాలన్నీ ఒకే మనిషి దగ్గర ఉన్నా అలాగే లెక్క. కాబట్టి ఇది సెమీ ఆటోమేటిక్‌గానే, వేరే డిజైన్‌తోనే తయారవ్వాలి. కిట్‌లో వచ్చిన కొన్ని ముఖ్యమైన భాగాలు ఎలాగూ పనికిరావు.

తర్వాత పొడవు. స్టెర్లింగ్ అసలు బ్యారెల్ 8 అంగుళాలు కూడా ఉండదు. భుజానికి ఆనించే గన్‌కి 16 అంగుళాలకన్నా తక్కువ బ్యారెల్ ఉంటే, లేదా మొత్తం పొడవు 26 అంగుళాలకన్నా తక్కువైతే, 1934 నాటి ఎన్ఎఫ్ఏ చట్టం కిందికి వస్తుంది. 2026 జనవరి 1 నుంచి దాని మీద 200 డాలర్ల ట్యాక్స్ సున్నా అయింది. అది చూసి "రూల్ తీసేశారు" అని షార్ట్స్‌లో చెప్తున్నారు. నమ్మకండి. ట్యాక్స్ మాత్రమే సున్నా. ముందే అప్లికేషన్ పెట్టాలి, అప్రూవల్ రావాలి, రిజిస్టర్ కావాలి. అది లేకుండా చేస్తే 10 ఏళ్ల వరకు జైలు.

ఇంకా ఉంది. దిగుమతి భాగాలతో ఇలాంటి సెమీ ఆటో రైఫిల్ తయారుచేస్తే, చట్టం జాబితాలో ఉన్న 20 రకాల భాగాల్లో 10కి మించి విదేశీవి ఉండకూడదు. మిగతావి అమెరికాలో తయారైనవి కొనాలి. అంటే కిట్‌తో వచ్చిన సామాన్లు కొన్ని పక్కన పడేసి, వాటినే మళ్లీ కొత్తగా కొంటారన్నమాట.

నాలుగోది, మొత్తం ఖర్చు ఎంత? ఉదాహరణకి కిట్ 300 డాలర్లు అనుకుందాం. దానికి రిసీవర్, పొడుగు బ్యారెల్, సెమీ ఆటో భాగాలు, అమెరికన్ భాగాలు కలపండి. చేసేవాడి కూలీ కలపండి. వ్యాపారంగా గన్లు తయారుచేసేవాడికి ఫెడరల్ లైసెన్స్ ఉండాలి, కాబట్టి డబ్బులిచ్చి ఎవరి గ్యారేజ్‌లోనో చేయించడం కుదరదు. కాగితం మీద రాసి చూడండి. 300 ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది.

ఇటు పక్క చూడండి. రూగర్ పీసీ కార్బైన్ లాంటిది రెడీమేడ్‌గా దొరుకుతుంది. 9 ఎంఎం, బ్యారెల్ 16 అంగుళాల పైన, రెండు ముక్కలుగా విడదీసి బ్యాగ్‌లో పెట్టుకోవచ్చు, గ్లాక్ మ్యాగజైన్లు కూడా పడతాయి. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర ఫారం నింపుతారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది, సీరియల్ నంబర్ ఉంటుంది. రిపేర్ వస్తే అడగడానికి ఒక కంపెనీ ఉంటుంది. రేపు పోలీసు అడిగినా చూపించడానికి కాగితం ఉంటుంది.

నా ఫ్రెండ్ ఒకడు ఇలాంటి కిట్టే కొన్నాడు. వేరే మోడల్. ఆరేళ్లైంది, ఆ డబ్బా గ్యారేజ్‌లో వాటర్ హీటర్ పక్కనే ఉంది. మొదటి ఏడాది "బ్యారెల్ కోసం చూస్తున్నా" అన్నాడు. తర్వాత "రిసీవర్ స్టాక్ లేదు" అన్నాడు. ఇప్పుడు అడిగితే నవ్వి టాపిక్ మార్చేస్తాడు. వాడు తెలివి తక్కువవాడు కాదు. మొదటి రేటు చూసి కొన్నాడు, అంతే.

మరి కిట్ ఎవరు కొనొచ్చు? ఇప్పటికే చట్టబద్ధమైన సెమీ ఆటో స్టెర్లింగ్ ఉన్నవాళ్లు. దానికి సరిపోయే స్ప్రింగులు, చిన్న సామాన్లు కావాలంటే కిట్ మంచి స్పేర్ పార్ట్స్ డబ్బా. లేదా ఈ పని నేర్చుకోవడమే హాబీ అయినవాళ్లు, సెమీ ఆటోకి వాడకూడని భాగాలేవో తెలిసినవాళ్లు, లాయర్‌నో లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌నో ముందే అడిగినవాళ్లు. "చవగ్గా గన్ వస్తుంది" అనుకునేవాళ్లకి మాత్రం కాదు.

కాబట్టి తమ్ముడూ, నీకు నా మాట: కార్ట్ ఖాళీ చేసెయ్. నీకు కావాల్సింది వీకెండ్ రేంజ్‌లో కాల్చుకోవడానికి ఒక గన్. అది రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఆ డబ్బుల్లో ముందు ఒక మంచి లాక్ బాక్స్ కొను, ఒక సేఫ్టీ క్లాసులో చేరు. కుదిరితే మీ ఆవిడని కూడా తీసుకెళ్లు. ఆవిడ వద్దన్నది నీ సరదాని కాదేమో. ఇన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న కార్డు గురించి భయపడుతోందేమో, ఒకసారి అడుగు.

చివరిగా అందరికీ ఒక మాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ని ఇండియా ట్రిప్‌కి వాడకండి. మన ఆయుధాల చట్టంలో గన్ విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. బ్యాగ్ మూలన మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా ఎయిర్‌పోర్టులో కేసు అవుతుంది. అమ్మానాన్నలు బయట ఎదురుచూస్తుంటారు, మీరు లోపల స్టేట్‌మెంట్ ఇస్తూ ఉంటారు. ఎందుకొచ్చిన గొడవ.

ఇవి ఫెడరల్ రూల్స్‌లో ముఖ్యమైనవి మాత్రమే. మీ కేసు గురించి మీ రాష్ట్రంలోని లాయర్‌ని తప్పకుండా అడగండి. మీ కార్ట్‌లో కూడా ఇలాంటి డబ్బా ఏదైనా ఉంటే కింద కామెంట్‌లో చెప్పండి. ఈ వీడియో హెచ్-1బి మీద ఉన్న మీ రూమ్మేట్‌కి పంపండి, వాడికే ఎక్కువ అవసరం. మళ్లీ కలుద్దాం, ఉంటాను.