తొండకు రాత్రివేడి

ఆస్ట్రేలియాలో మన తొండకు జ్ఞాతియగు గడ్డపుతొండ యను ప్రాణి కలదు. చలిదేశములవారు దానిని గాజుపెట్టెలో పెంచుదురు. మనకిది వింతయే, మనదేశమున నక్షత్రపు తాబేలు మొదలగువానిని ఇంట నుంచుకొనుట 1972 నాటి చట్టముచే నేరము కూడను.

విదేశమందలి మా మనుమడు, మంచురాత్రి విద్యుత్తు పోగా తొండకు కంబళి చుట్టితిననియు, అది తెల్లవారుసరికి కదలకున్నదనియు వ్రాసెను. ఎండ తగిలిన పిదప లేచెనట. కంబళి యున్న వేడిని నిలుపునేకాని లేనిదానిని పుట్టింపదు. మనవలె దేహమున చాలినంత వేడి పుట్టించుకొను శక్తి తొండకు లేదు. వేడినీటి సీసాకు గుడ్డచుట్టి పెట్టెలో నుంచి, ఆ పైని కంబళి కప్పవలెను.

పగలు 40 డిగ్రీల యెండచోటు కోరు నా ప్రాణికి రాత్రి 20 డిగ్రీలు చాలును. దాని జన్మభూమిలోను రాత్రులు చల్లనివే. అంతకు మిక్కిలి తగ్గినచో, వెలుగులేక వేడినిచ్చు పింగాణి బల్బును తీగవల చాటున నమర్పవలెను. ఎఱ్ఱదీపము నిద్ర చెఱచును. వేడిరాయి నాకు బొత్తిగా సమ్మతము కాదు: పొట్ట కాలుచున్నను తొండ లేవక పుండు తెచ్చుకొనును. వేడిమి మితిమీరినప్పుడు విద్యుత్తును తానే యాపు థర్మోస్టాటు తప్పనిసరి. చలిలో మేత యరుగదు గావున, పగటిదీపము నార్పుటకు రెండుగంటల ముందే మేత ముగింపవలెను.