మూగజీవుల పరిచర్య: చదువు వెల, కొలువు విలువ

జంతువులయందు ప్రేమ గల బిడ్డ ఇంట నున్నచో తల్లిదండ్రులకు సంతోషముతో పాటు కొంత ఆలోచనయు కలుగును. ప్రేమ ఊరకనే పుట్టును గాని, దానిని వృత్తిగా మలచుకొనుటకు వెల చెల్లింపవలసి యుండును. ఆ వెల యెంత, దానికి దక్కు ప్రతిఫల మెంత అను విషయమును, అమెరికాలోని వెటర్నరీ టెక్నీషియన్ చదువును ఉదాహరణముగా గైకొని నేడు విచారింతము. తెలుగు కుటుంబములు పెక్కు ఆ దేశమున స్థిరపడి యున్నవి. అచట పెరిగిన మనుమడో మనుమరాలో ఈ చదువుపై మనసు పడినచో, ఇచట నున్న తాతయు అమ్మమ్మయు "అదేమి చదువు? దానివలన బ్రదుకు సాగునా?" అని అడుగుట సహజము. ఆ ప్రశ్న కొట్టివేయదగినది కాదు.

మనుష్యుల ఆసుపత్రిలో నర్సు చేయు పనిని పశువుల ఆసుపత్రిలో టెక్నీషియన్ చేయును. రక్తము తీసి పరీక్షించుట, ఎక్స్‌రే తీయుట, మత్తులో నున్న జంతువు ఊపిరిని నాడిని కనిపెట్టి యుండుట, పండ్లు శుభ్రపరచుట, శస్త్రచికిత్సలో డాక్టరుకు తోడ్పడుట అతని విధులు. రోగ మిది యని నిర్ణయించుట, మందు వ్రాయుట, శస్త్రచికిత్స చేయుట మాత్రము పశువైద్యునికే చెల్లును. పౌరులకొరకు ఇట్టి శిక్షణ 1961లో న్యూయార్క్ రాష్ట్రమందలి ఒక చిన్న పట్టణపు కళాశాలలో తొలుత ఆరంభమైనది. ఆ పట్టణము పేరు వ్రాతలో మన రాజధాని పేరే. పలుకుటలో మాత్రము వారు 'డెల్‌హై' అందురు. నేడు ఈ చదువు సాధారణముగా రెండేండ్లది. అమెరికా పశువైద్య సంఘము గుర్తించిన కళాశాలలో చదివి, జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులై, పిమ్మట రాష్ట్ర నియమముల ననుసరించి పేరు నమోదు చేయించుకొనవలెను.

ఇక లెక్కకు వత్తము. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంక శాఖ లెక్కల ప్రకారము 2024 మే నెలలో టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనము 45,980 డాలర్లు. అనగా సగముమంది అంతకు మించియు, సగముమంది అంతకు లోబడియు పొందుచుండిరి. ఈ చదువు లేకయే అవే ఆసుపత్రులలో పని చేయు సహాయకుల మధ్యస్థ వేతనము 37,320 డాలర్లు. ఈ రెంటికి నడుమ భేదము 8,660 డాలర్లు. చదువు సంపాదించి పెట్టునది యథార్థముగా ఈ భేదమే గాని మొత్తము జీతము కాదు. చాలమంది తమ లెక్కలో ఈ సూక్ష్మమును విస్మరింతురు.

ఖర్చు సంగతి యేమి? 2024-25 విద్యాసంవత్సరమున రెండేండ్ల ప్రభుత్వ కళాశాలలలో స్థానిక విద్యార్థి చెల్లించు సగటు రుసుము ఏటికి సుమారు 4,050 డాలర్లు, రెండేండ్లకు 8,100. పుస్తకములు, తిండి, వసతి వేరు. రుసుము నొక్కదానినే చూచినచో ఒక యేటి అధిక వేతనముతో అది తీరిపోవును. కాని ఆ రెండేండ్లును పని మానివేసిన యెడల, సహాయకునిగా రాదగిన 74,640 డాలర్లు రాకుండ పోవును. దానినిగూడ ఖర్చులో చేర్చితిమేని అసలు తిరిగి చేతికి వచ్చుటకు దాదాపు తొమ్మిదిన్నర సంవత్సరములు పట్టును! చదువు ఒక్కటే; లెక్క మాత్రము ఇంత మారిపోయినది.

కావున పని మానకుండ చదువుకొను మార్గమే శ్రేష్ఠము. పశువైద్య సంఘము గుర్తింపు పొందిన దూరవిద్యా తరగతులు అచట కొన్ని కలవు. పాఠములు ఇంట చదివి, పని చేయు ఆసుపత్రిలోనే అభ్యాసము గడింపవచ్చును. అప్పు చేయక తప్పదన్నచో, తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి మొదటి రెండేండ్లలో ప్రభుత్వ ఋణ పరిమితి 12,000 డాలర్లు. 2024-25 నాటి 6.53 శాతము వడ్డీతో పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 136 డాలర్లు చెల్లింపవలెను. ఈ జీతముపై అది మోయదగిన బరువే.

మోయరాని బరువు వేరొకటి కలదు. నాలుగేండ్ల పట్టమునకు ప్రభుత్వ విశ్వవిద్యాలయములో స్థానికులకు సగటు రుసుము 2024-25లో ఏటికి 11,610 డాలర్లు. ప్రైవేటు విద్యాలయములో 43,350. నాలుగేండ్లకు ఈ రెండవది 1,73,400 డాలర్లగును. రెండేండ్ల చదువు వారును నాలుగేండ్ల చదువు వారును వ్రాయునది ఒకే జాతీయ పరీక్ష. సామాన్యమైన ఆసుపత్రిలో ఇరువురును చేయు పని చాలవరకు ఒక్కటే. పరిశోధనాలయములలో కొలువు కోరువారికి పెద్ద పట్టము ఉపకరించును. అచట వేతనమును తరచు అధికము. ఆ గమ్యము లేనివారు పట్టపు గొప్పకై అంత ధనము వెచ్చించుట వివేకము కాదు.

వేతనము ఇంతలో ఏల ఆగిపోవుచున్నది? అమెరికాలో ఈ ఆసుపత్రులకు ధనమిచ్చువాడు ముఖ్యముగా కుక్కనో పిల్లినో పెంచుకొను గృహస్థు. అతడు భరింపగల రుసుములోనుండియే డాక్టరు జీతము, మందుల వెల, భవనపు అద్దె, టెక్నీషియన్ జీతము వెడలవలెను. మన తెలుగునాట స్థితి వేరు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము, 2005లో ఏర్పడినది, పదవ తరగతి చదివినవారికి పాలిటెక్నిక్‌లలో రెండేండ్ల డిప్లొమా నేర్పుచున్నది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయములలో పశుసంవర్ధక సహాయకుల కొలువులు కల్పింపబడెను. ఇచట ఆవును గేదెను నమ్ముకొన్న రైతు అంత రుసుము ఇచ్చుకొనలేడు. అందుచే ఆ భారమును చాలవరకు ప్రభుత్వమే వహించుచున్నది. ఏ దేశమందైనను ఈ చదువులో చేరుటకు ముందు, చదివిన పిదప జీతమిచ్చువాడెవడు అని విచారించుట అవసరము.

డాలర్లలో తూచరానివియు రెండు కలవు. కరచు కుక్కను, గీరు పిల్లిని పట్టి యుంచుట, రాత్రివేళల పని, బాగుపడని జంతువు కడపటి నిద్రకు చేయూత నిచ్చుట ఒకవైపు. నోరులేని ప్రాణి బాధ తన చేతిమీదుగా తగ్గుట వేరొకవైపు. వీనిని పుస్తకములలో చదివి తెలిసికొనలేము. కనుక పిల్లవానిని ముందుగా కొన్ని నెలలు ఆసుపత్రిలో సహాయకునిగా పని చేయనిండు. అప్పటికిని మనసు చలింపనిచో, తక్కువ రుసుము గల కళాశాలను, గుర్తింపు సరిచూచుకొని, ఎన్నుకొనుడు. ప్రేమకు లెక్క తోడైనప్పుడు వృత్తి నిలుచును. లెక్క తప్పినచో అప్పు తీర్చు తొందరలో ఆ ప్రేమయే మొదట అలసిపోవును.