ఎరముద్ద తయారీ: తీరగ్రామ పంచాయతీలకు కొన్ని మాటలు



పడవలు ఒడ్డు చేరినంతనే మన తీరగ్రామములలో జరుగు సందడి మీకు క్రొత్త కాదు. తట్టలు నిండును, పాట సాగును, బేరములు తెగును. ప్రొద్దెక్కుసరికి ఇసుకమీద మిగులునవి తలలు, ప్రేగులు, మొప్పలు, నలిగిపోయిన చిరుచేపలు. కాకులు, కుక్కలు, ఈగలు వానికి వారసులగుచున్నవి. ఈ మిగులుతో చేయదగిన ఒక పనిని గూర్చియు, అందు చేయరాని వానిని గూర్చియు మీతో ముచ్చటింపదలచితిమి.

గాలము వేటలో మనము చేపను వెదకికొని పోవుటకు మారుగా చేపనే మన చెంతకు రప్పించుకొను ఉపాయమొకటి కలదు. నూనె గల చేపను ముతకగా రుబ్బి, లంగరు వేసిన పడవ ప్రక్కన నీటిలో కొద్దికొద్దిగా వదలుదురు. నీట కరగిన వాసన, జిడ్డు ప్రవాహముతో దూరముగా సాగిపోవును. చేప ఆ జాడ పట్టుకొని ప్రవాహమునకు ఎదురీదుచు వచ్చును. అమెరికా తూర్పు తీరమున దీనిని 'చమ్' అందురు. అచ్చట మెన్‌హేడెన్ అను నూనెచేపను ఇందుకు విరివిగా వాడుదురు. మన లక్షద్వీపములలో మినికాయ్ వారి రీతి వేరు. వారు చిరుచేపలను ప్రాణముతోనే పడవలోని నీటితొట్టెలో నుంచుకొని, సూరచేపల గుంపు కానవచ్చినప్పుడు విసరుదురు. నీరు చిమ్ముచు, ఎదురుముల్లు లేని గాలములతో పట్టుదురు. అక్కడ రుబ్బుట లేదు, చల్లుట మాత్రము కలదు.

మన కవళ్ల తలలు, కానాగుర్తల ప్రేగులు ఎరముద్దకు చక్కగా పనికివచ్చును. కానాగుర్త పేరు వచ్చినది గనుక ఒక సంగతి. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు దేశీయుడు విశాఖపట్టణపు చేపలను గూర్చి 1803లో ప్రకటించిన గ్రంథమున ఈ తెలుగు పేరును ఎక్కించెను. నేటికిని ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు ఆ చేపను 'రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా' అనియే పిలుచుచున్నారు. మన మత్స్యకారుల నోటిమాట అంత దూరము పోయినది!

ఇక రుబ్బు విధానము. మెత్తబడిన చేప యంత్రమునకు చుట్టుకొనిపోవును. తోలు, నరములు బిళ్లకు అడ్డుపడును. కావున మంచుగడ్డలలో నుంచి సగము గట్టిపడిన పిమ్మట కత్తితో ముక్కలు చేసి, చేతితో త్రిప్పు ఖీమా యంత్రములో పెద్ద రంధ్రముల బిళ్ల వేసి రుబ్బవలెను. యంత్రము లేనివారు వేరుగా కేటాయించిన రోటిలో దంచినను చాలును. ఇంటి మిక్సీని ముట్టరాదు. ఒక యువకుడు ఆ సాహసము చేయగా, ఆ యింటివారు మూడు దినములు పచ్చడి మెతుకులకు నోచుకొనలేదని వింటిమి. ముద్దలో కొంచెము ఇసుక కలిపినచో అడుగునకు దిగును. తవుడు కలిపినచో నీటిలో విడివడి వ్యాపించును. రంధ్రములు గల బకెట్టులోనో, వలసంచిలోనో వేసి పడవకు కట్టి నీట వ్రేలాడదీయవలెను.

వదలునది మిక్కిలి స్వల్పముగా నుండవలెను. పిలుచుటకే ఈ ముద్ద, పెట్టుటకు కాదు. కడుపు నిండిన చేప గాలమువంక చూడదు. గాలమునకు గ్రుచ్చు ముక్క కూడ అదే జాతి చేపదై, ఎర సాగు దారిలోనే తేలిపోవునట్లు త్రాడు వదలవలెను. ప్రవాహము లేనిచోట ఈ శ్రమ వృథా.

మేము గట్టిగా చెప్పదలచిన మాట వేరొకటి కలదు. తినదగిన చేపను రుబ్బరాదు. మనిషి పళ్లెములోనికి పోవలసిన కవళ్లు ఎరముద్దగా మారినచో, తట్ట నెత్తిన బెట్టుకొని ఊరూర తిరిగి అమ్ము అక్కలకు ఆ దినము బేరము లేదు. తలలు, ప్రేగులే ఎరకు చాలును. అట్లే, ఎరకని ప్రక్కన బెట్టి ఎండలో వెచ్చబడిన కానాగుర్తలను, సూరలను మరల అమ్మకపు తట్టలోనికి చేర్చరాదు. అట్టి చేపలో హిస్టమిన్ అను పదార్థము పుట్టును. ఎంత ఉడికించినను అది పోదు. తిన్నవారికి మొగము ఎఱ్ఱబారి, తలనొప్పి, దద్దురులు కలుగును.

ఎరముద్దలో విషము కలుపుటయు, మందుగుండు ప్రేల్చుటయు వేట కానే కాదు. 1897 నాటి మత్స్య చట్టమే వానిని నిషేధించినది. స్నానములు చేయు రేవు దాపున ఎర చల్లుటయు తప్పే, ఏలయన ఈ వాసనకు సొరలును వచ్చును. ఈ కారణముననే ఫ్లోరిడా రాష్ట్రమువారు 2019లో ఇసుక తీరమునుండి చమ్ చల్లుటను నిషేధించిరి. తిమింగిల సొర 2001 నుండి మన దేశమున రక్షిత జంతువు; అది వచ్చినచో దారి యిచ్చి తొలగవలెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు గల 61 దినముల వేట విరామము మోటారు పడవల గాలపు వేటకును వర్తించును.

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో మత్స్య పరిశ్రమయు, పారిశుధ్యమును పంచాయతీల అంశములుగా నున్నవి. చేపలు కోయుటకు ఒడ్డున ఒక తావు నిర్ణయింపుడు. మూత గల తొట్టెలు రెండు పెట్టింపుడు: ఒకటి ఎరకు, వేరొకటి ఎరువు గోతికి. రుబ్బు యంత్రము మంచినీటి బావికి, బడికి దూరముగా నుండవలెను. సాయంకాలమునకు తొట్టెలు ఖాళీ కావలెను. ఆ పని ఎవరిదో, వారి కూలి ఎంతయో మీ తరువాతి సమావేశముననే తీర్మానించి పుస్తకమున వ్రాయింపుడు.