తులసిదళం చదివిన తరం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లలకు పనికొచ్చే పుస్తకం ఒకటి తీసుకుని పావుగంట మాట్లాడమని నన్ను అడిగారు. నేను 'తులసిదళం' అన్నాను. అది పిల్లలకు పనికొచ్చే పుస్తకమేనా అని కార్యదర్శి గారికి అనుమానం వచ్చింది. నలభై ఏళ్ళుగా ఆ అనుమానం నాకూ ఉంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. ఇది పూర్తిగా పొగడ్తా కాదు, పూర్తిగా తిట్టూ కాదు.

1980ల మొదట్లో చోడవరంలో చదువుకున్న వాళ్ళకు ఈ కథ చెప్పనక్కర్లేదు. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చేది. పత్రిక కట్టలు అనకాపల్లి నుంచి బస్సు మీద వచ్చేవి. కొనేవాళ్ళు కొద్దిమంది, చదివేవాళ్ళు ఊరంతా. ఒక్క కాపీ పది ఇళ్ళు తిరిగి, అట్ట ఊడిపోయి, చివరికి అద్దె లైబ్రరీకి చేరేది. గోవాడ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన వాళ్ళు కూడా ముందు "ఈ వారం ఏమయింది?" అనే అడిగేవారు. మా వీధిలో అక్షరం రాని అమ్మలకు, పెద్దమ్మలకు సాయంత్రం అరుగు మీద కూర్చుని చదివి వినిపించే పని నాది. వినేటప్పుడు భయం, విన్నాక నిద్ర పట్టకపోవడం, మళ్ళీ వచ్చే వారం కోసం ఎదురుచూపు. సరిగ్గా కథ తెగే చోట "తరువాయి వచ్చేవారం" అని చదివితే, దాచిపెట్టి చెప్పడం లేదని నన్నే అనుమానించేవారు.

కథ తెలియని చిన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. తులసి అనే చిన్నపాప. ఆ పాప పేర పెద్ద ఆస్తి. పాప లేకపోతే ఆ ఆస్తి వేరే వాళ్ళకు పోతుంది. ఆ ఆశతో కాద్రా అనే మాంత్రికుడి చేత పాప మీద ప్రయోగం చేయిస్తారు. కాష్మోరా అనే క్షుద్రశక్తి వస్తుంది. కన్నవాళ్ళు శ్రీధర్, శారద. పాపను బతికించడానికి ఒకవైపు డాక్టర్లూ హిప్నాటిజం తెలిసిన వాళ్ళూ, ఇంకోవైపు మంత్రానికి మంత్రంతోనే విరుగుడు చెప్పేవాళ్ళూ. దాదాపు ప్రతి సంఘటనకూ రెండు వివరణలు. ఏది నమ్మాలన్నది చదివేవాడి ఇష్టం.

దానికి కొనసాగింపుగా 'తులసి' వచ్చింది. 1986లో 'కాష్మోరా' సినిమా, 1989లో 'తులసిదళం' సినిమా వచ్చాయి. 2016లో ఒక తమిళ సినిమాకు కూడా కాష్మోరా అనే పేరు పెట్టారు. అంతకుముందు మన ఊళ్ళో చిల్లంగి ఉండేది, చేతబడి ఉండేది, కాష్మోరా లేదు. నవల వచ్చాక, అన్నం తినని పిల్లవాణ్ణి కూడా ఆ పేరుతో బెదిరించారు. ఒక రచయిత రాసిన మాట తాతల నాటి మాటలా ఇళ్ళల్లో కలిసిపోయింది. అంత బలం ఎన్ని నవలలకు ఉంటుంది?

ముందు నా బాకీ చెప్పుకోవాలి. మా బ్యాచిలో సగం మందికి చదివే అలవాటు పట్టించింది ఈ సీరియలే. పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ముట్టని వాళ్ళు దీని కోసం అద్దె లైబ్రరీ మెట్లెక్కారు. ఎక్కిన వాళ్ళు అక్కడే ఆగలేదు. కొందరు రావిశాస్త్రి గారి దాకా, చాసో గారి దాకా వెళ్ళారు. నాకైతే ఇంకో మేలు కూడా జరిగింది. ఒకే సంఘటనకు రెండు కారణాలు చెప్పి, ఏది నిజమో నువ్వే తేల్చుకో అన్న పుస్తకం అంతకుముందు నేను చూడలేదు. తొమ్మిదో తరగతి కుర్రాడికి అది పెద్ద గౌరవంలా అనిపించింది.

ఇప్పుడు ఫిర్యాదు. పెద్దయ్యాక మళ్ళీ చదివితే, ఆ తక్కెడలో రెండు పళ్ళేలూ సమానంగా లేవని తెలిసింది. మాంత్రికుడు చేసేదంతా మన కళ్ళ ముందు జరుగుతుంది. శ్మశానం, ముగ్గు, సూదులు గుచ్చిన బొమ్మ, అన్నీ కనబడతాయి. డాక్టరు చెప్పేది మాత్రం వినబడుతుంది. పొడుగాటి ఇంగ్లీషు పేర్లు వస్తాయి, పోతాయి. చూసింది గుర్తుంటుంది, విన్నది మరిచిపోతాం. అరుగు మీద నా గొంతుతో చదివినప్పుడు కూడా అంతే. డాక్టర్ల మాటలొచ్చిన చోట అమ్మలు ఆవలించేవారు. కాద్రా రాగానే నిటారుగా కూర్చునేవారు.

రంగనాయకమ్మ గారు ఈ నవల మీద 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము!' అని ఒక పుస్తకమే రాశారు. కాలేజీ రోజుల్లో అది చదివి నాకు కోపమొచ్చింది. మనకిష్టమైన దాన్ని ఎవరైనా తిడితే వచ్చే కోపం అది. ఇప్పుడు రెండు పుస్తకాలూ మా ఇంట్లో ఒకే బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి. ఏ ఒక్కదాన్నీ తీసెయ్యడానికి చెయ్యి రాదు.

దెయ్యం ఉన్న కథలన్నీ చెడ్డవని నేననను. తెలుగులో చాలాకాలం నడిచిన దెయ్యం సీరియల్ వేరే ఉంది. చందమామలో బేతాళ కథలు. చందమామ 1947 జూలైలో మొదలయింది. సంస్కృతంలో ఉన్న బేతాళ కథలు పాతికే. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చినవీ అవే. ఆ పాతికా అయిపోయినా చందమామ వాళ్ళు ఆపలేదు. కొత్తవి అల్లుతూ దశాబ్దాల పాటు నడిపారు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, భుజాన శవంతో చేత కత్తితో నడిచే రాజు, ఇక్కడున్న వాళ్ళందరికీ కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. శ్మశానం ఉంది, శవం ఉంది, అర్ధరాత్రి ఉంది. అయినా బేతాళ కథ చదివి నిద్ర పట్టని పిల్లవాణ్ణి నేనెరగను.

ఎందుకని? చాలాకాలం ఆలోచించాను. తేడా దెయ్యంలో లేదు, అడిగే ప్రశ్నలో ఉంది. బేతాళుడు "ఏది న్యాయం? ఎవరిది గొప్పతనం?" అని అడుగుతాడు. రాజు కారణం చెప్పి జవాబివ్వాలి. తులసిదళం మనచేత వేసే ప్రశ్న వేరు. పాపకు జబ్బు చేసింది, "ఎవరు చేశారు?" నవలలో ఆ ప్రశ్నకు జవాబుంది. చేసినవాళ్ళున్నారు, చేయించినవాళ్ళున్నారు. పేజీలు తిప్పుకుంటూ వాళ్ళ వెంట పరుగెత్తడంలోనే మజా అంతా. కానీ ఆ ప్రశ్న పుస్తకం దాటి ఊళ్ళోకి వస్తే ఏమవుతుందో నేను ఉద్యోగంలో చూశాను.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని. 1990ల మధ్యలో కొంతకాలం ఏజెన్సీలో లైన్ల పని చూశాను. ఒక వానాకాలం, కొండ మీది ఊరొకదానిలో వరసగా రెండు ఆవులు, ఒక ఎద్దు చచ్చిపోయాయి. మూడూ ఒకే చోట, ఊరి చివర గుడిసె దగ్గర. ఆ గుడిసెలో ఒంటరి ముసలామె ఉండేది. చిల్లంగి పెట్టిందన్నారు. మేం వెళ్ళేసరికే ఆవిణ్ణి గెడ్డలో నీళ్ళు ముట్టుకోనివ్వడం లేదు. రాత్రిళ్ళు గుడిసె మీద రాళ్ళు పడుతున్నాయి. తరువాత ఏం జరుగుతుందో అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు.

ఆ గుడిసె పక్కన మా స్తంభం ఉంది. దాన్ని నిలబెట్టడానికి పక్కగా భూమిలోకి లాగి కట్టిన స్టే వైరు ఉంది. ఆ తీగ మధ్యలో గుడ్డు ఆకారంలో పింగాణీ ఇన్సులేటర్ ఒకటి ఉండాలి. పైన కరెంటు లీకైనా కిందికి దిగకుండా ఆపేది అదే. లైను వేసినవాళ్ళు దాన్ని పెట్టలేదు. పైన తీగను మోసే ఇన్సులేటరేమో పగిలి ఉంది. వాన పడితే కరెంటు స్టే వైరు మీదుగా తడి నేలలోకి దిగుతోంది. అలా దిగిన చోట నేల మీద అడుగడుగుకూ వోల్టేజి మారుతుంది. మనిషి రెండు పాదాల మధ్య దూరం తక్కువ, పైగా కరెంటు ఒక కాలిలోంచి ఇంకో కాలిలోకి పోతుంది. పశువు ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య నాలుగైదు అడుగులు, దారిలో గుండె ఉంటుంది. అందుకే పశువులు పోయాయి, ముసలామె బతికింది. ఆవిడ బతికుండడమే ఆవిడ మీద సాక్ష్యమయింది.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. రెండు ఇనుప మేకులు తెప్పించి, ఎద్దు నిలబడేంత దూరంలో నేలలో దింపి, మధ్యన మీటరు పెట్టాను. ముల్లు లేచింది. లైన్‌మన్ చేత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీయించాను. ముల్లు పడిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ లేచింది. మూడుసార్లు చేశాం. మూడోసారి ఫ్యూజు ఎప్పుడు తీయాలో ఊరి పెద్దనే చెప్పమన్నాను. ఆయన కేకవేశాడు, ముల్లు పడింది. ఆయన కాసేపు మీటరునే చూస్తూ నిలబడిపోయాడు.

అప్పుడు పక్కనున్న కుర్రాడొకడు అన్నమాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంటర్ చదివినవాడు, నాగరికం తెలిసినవాడు. "సార్, చేతబడి ఉందో లేదో డాక్టర్లే తేల్చలేకపోయారు కదా, తులసిదళంలో రాశారు" అన్నాడు. అమాయకుడైతే మీటరు చూసి ఊరుకునేవాడు. వీడికి చదువు కూడా భయం పక్షానే సాక్ష్యమిచ్చింది.

ఆ రోజే ఇన్సులేటర్లు మార్చాం. ఆ తరువాత అక్కడ పశువు పోలేదు. ఊరి పెద్ద ఆ ముసలామెను గెడ్డకు రానిచ్చాడు. అయినా ఆ ముల్లును కూడా ఆవిడే లేపిందేమోనని గొణిగిన వాళ్ళున్నారు. ఆ సంక్రాంతి లోపే ఆవిడ గుడిసె వదిలేసి, కొండ అవతల కూతురి ఊరికి వెళ్ళిపోయింది. ఇంజనీరు లీకేజీ ఆపగలిగాడు గానీ అనుమానాన్ని పూర్తిగా ఆపలేకపోయాడు.

ఇది కొండ మీది వాళ్ళ సంగతే అనుకుంటే పొరపాటు. నాలుగు రోడ్ల కూడలిలో పసుపు కుంకుమ చల్లిన నిమ్మకాయ కనబడితే కారు పక్కకు తిప్పేవాళ్ళం మనలోనే ఎంతమందిమి ఉన్నాం? మన ప్రాంతంలో చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు. పేరు మారినా, వేలు చూపించేది మాత్రం దాదాపు ఎప్పుడూ ఒంటరి ముసలమ్మ మీదో, ఆస్తి తగాదాలో ఉన్న బీదవాడి మీదో. ఏటా హత్యల లెక్క తీసే జాతీయ నేర గణాంకాల్లో మంత్రగత్తె అన్న అనుమానం ఒక కారణంగా విడిగా నమోదవుతుంది. దీని మీద బీహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో చట్టాలు చేశాయి. మన పొరుగున ఒడిశా 2013లో చేసింది. అదే ఏడాది ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దభోల్కర్ గారిని కాల్చి చంపాక గానీ మహారాష్ట్రలో చట్టం రాలేదు. మన దగ్గర 1988 నుంచి జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి చెబుతూనే ఉన్నారు.

మరి నవల రాసినాయన చేశాడా ఇదంతా? అలా అంటే నేను కూడా "ఎవరు చేశారు?" అనే అడిగినట్టవుతుంది. నవల రాకముందూ చిల్లంగి ఉంది. ఆ యండమూరి గారే తరువాత 'విజయానికి ఐదు మెట్లు' రాసి వేలమంది కుర్రాళ్ళకు ధైర్యం చెప్పారు. నేను చెప్పేది చిన్నమాట. భయాన్ని ఆయన పుట్టించలేదు. కానీ దానికి డాక్టర్ల పక్కన కుర్చీ వేశారు. కథలో అది మంచి ఎత్తు. కథ బయట ఆ కుర్చీ ఖాళీ చేయించే పని మనది, ముఖ్యంగా మన బడిది.

అందుకని సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధి లోంచి బడి లైబ్రరీకి పుస్తకాలు కొంటామన్నారు. ఆ జాబితాలో తులసిదళాన్ని కూడా చేర్చండి. దాని పక్కనే రంగనాయకమ్మ గారి విమర్శ, ఒక బేతాళ కథల సంపుటం పెట్టండి. దాచిపెడితే పిల్లలు ఎలాగూ ఫోన్లో చూస్తారు, అక్కడ అడిగి తెలుసుకోవడానికి మాస్టారుండరు. తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు ఏడాదికి రెండు సైన్సు పీరియడ్లు దీనికివ్వండి. కథలో ఒక సంఘటన తీసుకుని, ఇది నిజమో కాదో తేల్చాలంటే ఏం చేసి చూడాలి అని అడగండి. రెండు మేకులు, ఒక మీటరు నేను కొనిస్తాను. వచ్చి ఎలా వాడాలో కూడా చూపిస్తాను.

చిన్నప్పుడు క్లాసులో ఆంధ్రభూమి చదువుతుంటే లాక్కుని, సాయంత్రం తిరిగిచ్చేటప్పుడు "తరువాత ఏమయిందిరా?" అని అడిగిన మాస్టార్లు ఇక్కడే ఉన్నారు. పేర్లు చెప్పను.