పంచుటకు లొంగని రాశి

పెద్దలారా,

మా మక్తల్ ప్రాంతమున, కళ్లమునుండి వచ్చిన జొన్నలను కుంచములతో కొలిచి అన్నదమ్ములు పంచుకొనుట బాల్యమున పలుమారు చూచితిని. పండ్రెండు కుంచములైనచో ఇద్దరికిని, ముగ్గురికిని, నలుగురికిని, ఆర్గురికిని సరిగా వచ్చును. పదుమూడైనచో, ఇద్దరు మొదలు పండ్రెండుగురి వరకు ఎందరికి పంచినను కుంచమును విడదీయక తప్పదు. ఇట్టి సంఖ్యనే అభాజ్యసంఖ్య యందురు.

చిన్నరాశులలో దీనిని వ్రేళ్లమీద తేల్చవచ్చును. పెద్దరాశుల సంగతి యేమి?

చదరంగపు కథ మీ రెఱిగినదే. మొదటి గడిలో 1 గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు రెట్టించుచు పోయినచో అఱువదినాలుగు గడులకు మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఈ యిరువది యంకెల సంఖ్యను పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన తెనుగుపద్య మొకటి తనలో ఇముడ్చుకొన్నది. ఇది అభాజ్యము కాదు. కడపట 5 ఉన్నందున ఐదుగురికి సరిగా పంచవచ్చును.

ఇక మూడు గడులు తగ్గించి, అఱువదియొకటవ గడియొద్ద నిలిచి చూడుడు. అచ్చటివరకు మొత్తము 23,05,84,30,09,21,36,93,951. దీనిని పంచగలమా? వరుసగా భాగించి చూడవలెనన్నచో దాదాపు నూటయేబది కోట్ల సంఖ్య వరకు పోవలయును.

ఫ్రాన్సుదేశపు సన్యాసియు విద్వాంసుడునగు మెర్సెన్, ఇట్టి రాశులలో నేవి అభాజ్యములో 1644లో ఒక పట్టికగా ప్రకటించెను. అందు అఱువదియొకటి లేదు, అఱువదియేడు కలదు. ఆయన పేరు గొప్పది. అయినను 1883లో, రష్యాదేశమున పల్లెలలో పౌరోహిత్యము చేయు పెర్వుషిన్, అఱువదియొక్క గడుల రాశి అభాజ్యమేయని నిరూపించెను. అఱువదియేడు గడులున్నవనుకొన్నచో వచ్చు రాశి భాజ్యమని ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా 1876లోనే తేల్చియుండెను. దాని భాజకములు 19,37,07,721, 7,61,83,82,57,287 అని 1903లో అమెరికా ఆచార్యుడు కోల్ చూపెను. ఈ రెంటిని గుణించి ఎవరైనను సరిచూచుకొనవచ్చును.

లూకా చూపిన మార్గమే మెఱుగుపడి నేటి యంత్రములకు తోడ్పడుచున్నది. రెంటిని 13,62,79,841 మారులు వేసి గుణించి, ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్య అభాజ్యమని 2024 అక్టోబరులో తేలెను. దాని యంకెలు 4,10,24,320!

దీనితో మనకేమి పని యందురా? మా తండ్రి ఒకప్పుడు, పెద్దమనిషి వ్రాసిన లెక్కగదా యని చూడకయే బాకీపత్రముపై వ్రేలిముద్ర వేసెను. పిదప నేను కూడి చూడగా మొత్తము తప్పు. అప్పటికే చెలక చేయి దాటెను. అందుచేత నా మనవి యిది: వ్రాసినవాడు మెర్సెనే కానిండు, ఊరి సాహుకారే కానిండు, లెక్కను కూడి చూచిన పిమ్మటనే ఒప్పుకొనుడు. పంచాయతికి కూర్చుండు మీరు ఈ యలవాటు చేసికొన్నచో, మీ వెనుకవారు దానిని నేర్తురు.

సెలవు.