ఆమ్లాలు, క్షారాలు: ఇంటింటా తెలియవలసిన సంగతులు
(ప్రసంగ పాఠం)



ఆమ్లం, క్షారం అనే మాటలు పాఠ్యపుస్తకాలకే పరిమితమని అనుకుంటాము. కాని చింతపండు, నిమ్మరసం, పెరుగు ఆమ్ల గుణం కలవి. సున్నం, బూడిద నీరు, సబ్బు క్షార గుణం కలవి. ఒడియాలోనూ ఈ రెండు మాటలు దాదాపు ఇవే గనుక అనువాదకుల పని ఇక్కడ తేలిక. వాటి స్వభావాన్ని గ్రహించడమే ముఖ్యం.

పారాణినే తీసుకొందాము. పసుపులో సున్నం కలిపితే ఎర్రబారుతుంది. అందులో నిమ్మరసం చాలినంత పిండితే ఎరుపు పోయి పసుపు రంగు తిరిగి వస్తుంది. ఆమ్ల క్షారాలు తగిన పాళ్లలో కలిసినప్పుడు ఒకదాని గుణాన్ని మరొకటి పోగొట్టి, లవణం, నీరు ఏర్పడతాయి. దీనిని తటస్థీకరణం అంటారు. ఈ చర్యలో వేడి కూడా పుడుతుంది.

ద్రావణాల ఆమ్ల క్షార గుణాన్ని కొలిచే పి.హెచ్. మానాన్ని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు సోరెన్సెన్ 1909లో ప్రవేశపెట్టాడు. అందులో 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కొక్క అంకెకు పది రెట్ల తేడా ఉంటుంది.

మన ప్రాంతపు పెద్ద పరిశ్రమ క్షారం మీదనే నడుస్తున్నది. కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలోను, రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోను బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కలుపుతారు. అల్యూమినా కరుగుతుంది, ఇనుము ఆక్సైడ్ కరగక ఎర్ర బురదగా మిగులుతుంది. ఆ బురదలో క్షారం ఇంకా ఉంటుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని అజ్కా వద్ద ఇటువంటి బురద నిల్వ కట్ట తెగి పదిమంది మరణించారు. అనేకుల చర్మం కాలింది. క్షారం ఆమ్లం కంటె సాధువైనదన్న భావన సరికాదు. అది సాధారణంగా ఆమ్లం కంటె లోతుగా కణజాలంలోకి దిగుతుంది.

ఇంట్లో ఈ ప్రమాదం తాంబూలపు సున్నం రూపంలో ఉన్నది. పిల్లలు సున్నపు పొట్లాన్ని నొక్కగా అది చిట్లి కంట్లో పడితే చూపు పోవచ్చు. అప్పుడు క్షారానికి విరుగుడని నిమ్మరసం గాని, మరొకటి గాని వేయరాదు. తటస్థీకరణం కాగితం మీద నిజమే. కంట్లో మాత్రం ఆ వేడి, ఆ ఆలస్యం గాయాన్ని పెంచుతాయి. వెంటనే రెప్పలు తెరచి, శుభ్రమైన నీటిధారతో కనీసం ఇరవై నిమిషాలు కడగాలి. కనబడే సున్నపు ముక్కలను నీటితోనే పోగొట్టాలి. ఆ పిమ్మట ఆలస్యం లేకుండా వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. చర్మం మీద ఆమ్లం పడినా మొదటి చికిత్స ధారాళమైన నీరే.

మరొక హెచ్చరిక. మురుగు కాలువల్లో చల్లే బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను ఎన్నడూ కలపకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో ఈప్ర్ యుద్ధరంగంలో విషవాయువుగా ప్రయోగించినది ఇదే. గాలికంటె బరువైనది గనుక చిన్న గదిలో నిలిచిపోతుంది. వాసన తగిలిన వెంటనే బయటికి రావాలి.

యాసిడ్‌ను మంచినీళ్ల సీసాలో పోసి ఉంచకండి. సున్నపు పొట్లాన్ని పిల్లలకు అందనీయకండి. ఈ నాలుగు మాటలను చదువురాని ఇరుగుపొరుగు వారికి వారి భాషలో చెప్పవలసినదిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.