మందకాడి కుక్కకు కూడు

(అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు ఒక ఊరు. అక్కడ మహిళా సంఘం సమావేశం జరిగింది. గొర్రెలు కాసే ఒక అక్క లేచి మాట్లాడింది. ఆమె మాటలే ఈ పాఠం.)



నన్ను గొర్రెల గురించి మాట్లాడమన్నారు. గొర్రెల గురించి మీకు తెలియనిది నేనేం చెప్తాను? కుక్క గురించి చెప్తాను. నవ్వకండి. ఇక్కడ సగం మందికి మంద ఉంది. మంద ఉన్న ప్రతి ఇంట్లో కుక్క ఉంది. మీ కుక్క రోజుకు ఎంత తింటుందో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. రెండేళ్ల కింద నేనూ చెప్పలేకపోయాను.

మాకు 60 గొర్రెలు. వాటికి తోడు ఒక కుక్క. పేరు నల్లోడు. పగలంతా మంద వెంట తిరుగుతాడు. మంద ఒక మైలు నడిస్తే వాడు రెండు మైళ్లు పరుగెత్తుతాడు. రాత్రి ఎవరి చేలోనైనా మంద పెడితే మేము గొంగడి కప్పుకొని పడుకుంటాం. వాడు పడుకోడు. మన వైపు తోడేళ్లు ఉన్నాయి. ఆ సంగతి మనకన్నా కుక్కకే బాగా తెలుసు.

ఆ ఏడు ఎండాకాలం దాటేసరికి నల్లోడు చిక్కిపోయాడు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. సంగటి ముద్ద పెడితే వాసన చూస్తాడు. మూతి తిప్పుకుంటాడు. పక్కకు పోయి పడుకుంటాడు. "కుక్కకు పొగరెక్కింది. రెండు రోజులు మాడిస్తే అదే తింటుంది" అనింది మా అత్త. మాడ్చినాం. వాడు తినలేదు.

మూడో రాత్రి తోడేలు వచ్చింది. నల్లోడు మొరిగాడు. కానీ లేచి పరుగెత్తలేకపోయాడు. పడుకున్న చోటనే మొరిగాడు. మేము కట్టె పట్టుకొని లేచేసరికి రెండు గొర్రెపిల్లలు పోయాయి.

తెల్లారి ఊరంతా తలా ఒక మాట చెప్పారు. మిగిలిన కళేబరానికి విషం పూయమన్నారు కొందరు. ఆ పని మాత్రం చేయకండి. విషం పెట్టిన మాంసం ముందు మన కుక్కలే తింటాయి. తోడేలును చంపడం నేరం కూడా. 1972లో వచ్చిన వన్యప్రాణుల చట్టం ఉంది. మా ఆయన, "ఈ కుక్కను తరిమేద్దాం. వేరే పిల్లను తెద్దాం" అన్నాడు. పిల్ల పెరిగి మంద కాసేసరికి ఏడాది దాటుతుంది. అందాకా తోడేలు ఆగుతుందా? నేను నల్లోడిని తాడుతో కట్టి పశువుల ఆసుపత్రికి నడిపించుకు పోయాను.

డాక్టరమ్మ అడిగింది. "దీని బరువు ఎంత?" తెలియదన్నాను. "ఏం పెడుతున్నావు?" సంగటి అన్నాను. "ఎంత?" ఒక ముద్ద అన్నాను. "ముద్ద అంటే ఎంతమ్మా? నీ ముద్దా, మీ అత్త ముద్దా?" నా దగ్గర జవాబు లేదు. "పో, తూచుకొని రా. మందు బరువును బట్టి ఇవ్వాలి" అనింది.

కుక్క కాటా మీద నిలబడుతుందా? నిలబడదు. అందుకే శనక్కాయలు తూచే కాటా దగ్గరికి పోయి ముందు నేను ఒక్కదాన్నే ఎక్కాను. 46 కిలోలు. తర్వాత నల్లోణ్ణి ఎత్తుకొని ఎక్కాను. 59 కిలోలు. 59లో 46 తీసేస్తే 13. మన కేంద్రంలో అప్పుడే తీసివేతలు నేర్చుకున్నాం. పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి 13 అని రాసుకున్నాను. ఆ కుక్క ఒడ్డూ పొడుగుకు 17 కిలోలైనా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. నాలుగు కిలోలు తక్కువ. మనిషైతే మంచం పట్టేవాడు.

తర్వాత ఆమె నల్లోడి పెదవి ఎత్తి చిగుళ్లు చూపించింది. మంచి కుక్కకు చిగుళ్లు గులాబీ రంగులో ఉంటాయి. వీడికి సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి. ఇంటికి పోయి మీ కుక్కలవి కూడా చూడండి. కరిచే కుక్క అయితే మీ ఆయన్ను చూడమనండి.

రక్తం ఏమైంది? చెవుల వెనక, కాలి వేళ్ల సందుల్లో పిడుదులు. మీరు గోమార్లు అంటారేమో. అవి బయట నుంచి తాగుతాయి. వాటి వల్ల జ్వరాలూ వస్తాయి. జ్వరం ఉన్న కుక్క కూడు ముట్టదు. కడుపులో కొంకి పురుగులు. అవి లోపల నుంచి తాగుతాయి. మలంలో దోసగింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తే బద్దె పురుగులు ఉన్నట్టు. నల్లోడికి అన్నీ ఉన్నాయి. మేము పొగరు అనుకున్నది జబ్బు. జబ్బు కుక్కను రెండు రోజులు మాడ్చినాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

మా ఆయన అంతకు ముందు గొర్రెలకు తాగించే నట్టల మందు కొంచెం కుక్కకూ పోశాడు. అది విని డాక్టరమ్మ కోప్పడింది. గొర్రెల మందు గొర్రెలకే. కొన్ని మందులు కుక్కను చంపుతాయి. కుక్క మాత్ర వేరు. బరువు చూసి ఇచ్చింది. మూడు వారాలకు మళ్లీ వేయమంది. ఆ తర్వాత మూడు నెలలకు ఒకసారి. పిచ్చికుక్క రోగం రాకుండా టీకా ఆ రోజే వేసింది. అది ఏటా వేయించాలి.

ఇంకో మాట అడిగింది. "గొర్రెను కోసినప్పుడు పేగులు, ఊపిరితిత్తులు, కాలేజం ఏం చేస్తారు?" కుక్కకు వేస్తామన్నాను. "పచ్చివా?" పచ్చివే అన్నాను.

అమ్మల్లారా, ఇది జాగ్రత్తగా వినండి. కోసిన గొర్రె కాలేజంలో, ఊపిరితిత్తుల్లో ఒక్కోసారి నీటి తిత్తులు ఉంటాయి. తెల్లగా, బుడగల్లా ఉంటాయి. మీరంతా చూసే ఉంటారు. ఆ తిత్తి పచ్చిది తింటే కుక్క పేగులో చిన్న బద్దె పురుగులు పుడతాయి. కంటికి సరిగా కనిపించవు. కుక్కకు పెద్దగా నొప్పి ఉండదు. కానీ వాటి గుడ్లు కుక్క మలంలో పడతాయి. బొచ్చుకు అంటుతాయి. పిల్లలు కుక్కను నిమిరి, ఆ చేత్తోనే తింటారు. గుడ్లు మనిషి కడుపులోకి పోతాయి. మనిషి కాలేజంలో, ఊపిరితిత్తుల్లో అవే నీటి తిత్తులు లేస్తాయి. ఏళ్ల తరబడి పెరుగుతాయి. చాలామందికి ఆపరేషన్ దాకా పోతుంది. నా చిన్నకొడుకు రోజూ నల్లోడి మీద తల పెట్టి పడుకునేవాడు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీదే నాకు కాళ్లు వణికినాయి.

ఇప్పుడు మా ఇంట్లో తిత్తులున్న కాలేజం కుక్కకు వేయం. లోతుగా గొయ్యి తీసి పూడుస్తాం. బాగున్నదైనా అరగంటకు పైగా ఉడికించి పెడతాం. కుక్కను ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లవాడు ముందు ఏడ్చాడు. తర్వాత అలవాటు పడ్డాడు.

ఇక కూడు సంగతి. మాత్ర వేయగానే వాడు గబగబా తింటాడనుకున్నాను. తినలేదు. పాలు పోశాను. విరేచనాలు పట్టుకున్నాయి. పట్నంలో అంగడి గింజలు కిలో తెచ్చాను. బాగానే తిన్నాడు. కిలో రెండు వందల పైచిలుకు. మూడు రోజులు కూడా రాలేదు. అది మన చేత అయ్యే పని కాదు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే పోయాను. "సంగటి తప్పు కాదు. దాని మీద పోసేదే తప్పు" అనింది. మనం తిన్నాక మిగిలిన పులుసు పోస్తాం కదా. అందులో ఉప్పు, కారం, ఎర్రగడ్డ ఉంటాయి. ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది. అసలే రక్తం లేని కుక్కకు మేము రోజూ అదే పోస్తున్నాం! పైగా ముద్ద ఒక్కటే. మంద వెంట తిరిగే కుక్కకు అది సగం కడుపుకు కూడా చాలదు.

అప్పుడు నేను అంగట్లో రాగిపిండి 200 గ్రాములు తూయించి, స్టీలు గ్లాసులో పోసి, గోరుతో గీత గీసుకున్నాను. బియ్యానికి ఇంకో గీత. అది 100 గ్రాములు. రెండూ కలిపి ఉప్పు లేకుండా మెత్తగా సంగటి చేస్తాను. సరిగా ఉడకకపోతే కుక్కకు అరగదు. కోళ్ల అంగట్లో తోలు, కాళ్లు, మెడలు తక్కువకే ఇస్తారు. వాటిని ఉడకబెట్టి, ఎముకలు ఏరేసి, గుప్పెడు మాంసం, ఆ నీళ్లు సంగటిలో కలుపుతాను. ఉడికిన ఎముక పుల్లలా చీలుతుంది. గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. అందుకే ఏరాలి. ఒక ఉడికిన గుడ్డు. ఒక పెద్ద చెంచా శనక్కాయ నూనె. పరుగెత్తే కుక్కకు కొవ్వు బలం. అదే తూకం పిండి కన్నా రెండింతలకు పైగా సత్తువ ఇస్తుంది. ఇదంతా ఒక్క రోజులో మార్చలేదు. వారం రోజులు కొంచెం కొంచెంగా పెంచాను.

వేరుశనగ చెక్క పెట్టొచ్చా అని మొన్న ఒక చెల్లెలు అడిగింది. బూజు పట్టినది మాత్రం వద్దు. ఆ బూజు విషం కుక్క కాలేజాన్ని చంపుతుంది. బూజు ఉందో లేదో అనుమానం ఉంటే అసలే పెట్టకండి.

పెట్టే వేళ కూడా మార్చాను. ముందైతే అందరం తిన్నాక, ఎప్పుడో రాత్రి, ఒకసారే పెట్టేదాన్ని. ఇప్పుడు పొద్దున మంద కదలక ముందే కొంచెం పెడతాను. సాయంత్రం వచ్చాక గంట సేపు పడుకోనిస్తాను. రొప్పు తగ్గాక పెద్ద వాటా. గోరువెచ్చగా పెడితే వాసన వస్తుంది, తింటాడు. కాలేకాలే సంగటి పెడితే ఏ కుక్కా ముట్టదు. పావుగంటలో తినకపోతే గిన్నె తీసేస్తాను. మళ్లీ పూటకే పెడతాను. మధ్యలో పిల్లలు బిస్కెట్లు వేయకుండా చూసుకోవాలి. అన్నిటికన్నా ఇదే కష్టం.

ఇదిగో, నా పుస్తకం. పదిహేను రోజులకు ఒకసారి రాశాను. చదువుతాను. 13. 13. 13న్నర. 14న్నర. 15. 15న్నర. 16. మధ్యలో ఒకసారి 15కు పడింది. ఆ వారం మేము పెళ్లికి పోయాం. మా మరిది పెట్టాడు, ఏం పెట్టాడో వాడికే తెలుసు. తర్వాత 16. 17. నా బరువు మాత్రం అదే 46.

ఖర్చు వారానికి నూరు రూపాయలు పెరిగింది. మా అత్త చాలా రోజులు సణిగింది. ఆ చలికాలం తోడేలు మళ్లీ వచ్చింది. నల్లోడు మందకు అవతలి వైపు నుంచి లేచి పోయాడు. చీకట్లో ఏం జరిగిందో మేము చూడలేదు. తెల్లారి గొర్రెపిల్లల్ని లెక్కపెడితే అన్నీ ఉన్నాయి. నల్లోడి చెవి చిరిగింది. వెంటనే సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఏటా వేయించే టీకా ఉన్నా, తోడేలు కరిచిందని మళ్లీ వేశారు. ఆ పొద్దు మా అత్తే వాడికి గుడ్డు వలిచి పెట్టింది.

అవ్వా, ఏమో అడుగుతున్నావు? ఈనిన కుక్కకా? దానికి ఇంకా ఎక్కువ కావాలి. రోజుకు మూడు, నాలుగు సార్లు పెట్టు. ఎంత పెట్టాలో డాక్టరమ్మను అడుగుదాం.

వచ్చే శుక్రవారం పొద్దున నేను ఆసుపత్రికి పోతున్నాను. నల్లోడికి మాత్ర వేసే తేదీ అది. వచ్చేవాళ్లు మీ కుక్కలను తాడుతో కట్టి తీసుకురండి. ముందు రోజు సాయంత్రం కాటా దగ్గర తూద్దాం. పుస్తకం, పెన్సిలు మరవకండి.